నూనెకూ నీటికీ పొత్తు: క్రీములపై పాఠకుల ప్రశ్నలు

గత సంచికలో కాళ్ల పగుళ్ల గురించి రాసినప్పుడు, క్రీములో నూనెనూ నీటినీ విడిపోకుండా పట్టి ఉంచే పదార్థాన్ని ఎమల్సిఫయర్ అంటారని ఒక్క వాక్యంలో చెప్పి ముందుకు సాగాను. ఆ వాక్యం చాలలేదని మీ ఉత్తరాలు చెబుతున్నాయి. కర్నూలు, అనంతపురం, కడప ప్రాంతాల నుంచి వచ్చిన ప్రశ్నలలో ఎక్కువ భాగం దాని చుట్టూనే తిరిగాయి కనుక ఈ నెల శీర్షికను పూర్తిగా ఆ పదార్థానికే కేటాయిస్తున్నాను. మొదటి ప్రశ్నకు జవాబు పొడవైనది. తక్కిన ప్రశ్నలు అడిగినవారు కూడా ముందుగా దానిని చదవాలని మనవి.

ప్రశ్న: మా పొదుపు సంఘంలో పదిమందిమి కలిసి క్రీము తయారు చేయాలని ప్రయత్నిస్తున్నాము. గానుగలో ఆడించిన వేరుశనగ నూనెలో తేనెమైనం కరిగించి, కలబంద గుజ్జు, బోరు నీళ్లు పోసి, మజ్జిగ చిలికే మిషనుతో పావుగంట చిలికితే తెల్లగా, చూడముచ్చటగా వస్తున్నది. తెల్లవారేసరికి డబ్బా అడుగున నీళ్లు చేరుతున్నాయి. ఇంకా ఎక్కువసేపు చిలకాలా, లేక మైనం పెంచాలా?
– ఒక సంఘ సభ్యురాలు, అనంతపురం

జవాబు: మీ పనితనంలో లోపం లేదమ్మా. మీ మిశ్రమంలో ఉండవలసిన ఒక పదార్థం లేదు. అది లేనంతవరకు పావుగంట కాదు, పూటంతా చిలికినా నీరు అడుగుకు చేరుతూనే ఉంటుంది. మైనం పెంచితే క్రీము గట్టిపడి, నీరు బయటపడటానికి మరో రెండు రోజులు పట్టవచ్చు గాని బయటపడక మానదు.

ఎందుకో ఒక లెక్కతో చూడండి. 10 మిల్లీలీటర్ల నూనె ఒకే గుండ్రటి బంతిగా ఉన్నదనుకుంటే దాని ఉపరితలం సుమారు 22 చదరపు సెంటీమీటర్లు, అంటే అరచేతిలో ఒక మూలకు సరిపోయేంత. అదే నూనెను మిషను 2 మైక్రాన్ల వ్యాసం గల తుంపరలుగా కొట్టిందనుకుందాం. మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. అప్పుడు ఆ తుంపరలన్నిటి ఉపరితలం కలిపి 30 చదరపు మీటర్లు అవుతుంది. దాదాపు 320 చదరపు అడుగులు, అంటే ఒక పెద్ద గది నేలంత. అంత విశాలమైన హద్దు పొడవునా నూనె, నీరు ఎదురెదురుగా నిలబడి ఉంటాయి. నీటి అణువులు ఒకదానినొకటి గట్టిగా పట్టుకుని ఉంటాయి, నూనె అణువుకు ఆ పట్టులో చోటు దొరకదు. అందువల్ల హద్దు ఎంత తగ్గితే అంత మేలన్నట్లుగా ఆ రెండూ ప్రవర్తిస్తాయి. రెండు తుంపరలు తగిలి ఒకటైతే హద్దు కొంత తగ్గుతుంది. ఆ ఒకటీ మరొకదానితో కలిస్తే ఇంకొంత తగ్గుతుంది. మీరు చిలకడం ఆపిన క్షణం నుంచి తెల్లవారేదాకా డబ్బాలో జరిగేది ఇదే. మిషను చేసేది విడగొట్టడం మాత్రమే; విడగొట్టిన దానిని నిలిపి ఉంచడం వేరే పని, దానిని యంత్రం చేయలేదు.

ఆ రెండో పని చేసేది ఎమల్సిఫయర్. దాని అణువుకు ఒక చివర నీటిని ఇష్టపడే తల, మరో చివర నూనెలాంటి పొడవైన తోక ఉంటాయి. ఏ ఒక్క వైపునా పూర్తిగా ఇమడలేక అది సరిగ్గా హద్దు మీదికి వచ్చి, తలను నీటిలోనూ తోకను నూనెలోనూ ఉంచి నిలబడుతుంది. అలా వేల కోట్ల అణువులు పక్కపక్కన నిలబడినప్పుడు హద్దు దగ్గరి తన్యత, అంటే హద్దును కుదించే లాగుడు, పడిపోతుంది, అదే చిలుకుడుకు తుంపరలు ఇంకా సన్నగా వస్తాయి. అంతకంటే ముఖ్యంగా, ప్రతి తుంపర చుట్టూ ఒక పొర ఏర్పడి, రెండు తుంపరలు ఢీకొన్నా ఒకటి కాకుండా అడ్డుకుంటుంది. తలకు విద్యుదావేశం ఉంటే తుంపరలు ఒకదానినొకటి నెట్టుకుంటాయి. ఆవేశం లేని పొడవాటి తలలైతే, తగినంత దగ్గరకు రానివ్వకుండా మధ్యలో కిక్కిరిసి నిలుస్తాయి.

మీ మజ్జిగ మిషను సంగతే తీసుకోండి. ఒక ద్రవం మధ్య మరో ద్రవం తుంపరలుగా నిలిచిన మిశ్రమాన్ని ఎమల్షన్ అంటారు. పాలు కూడా ఎమల్షనే. కొవ్వు తుంపరల చుట్టూ ప్రోటీన్లతో, లెసిథిన్ జాతి కొవ్వులతో అల్లిన సన్నని పొర ఉంటుంది కాబట్టే అవి నీటిలో తేలుతూ నిలుస్తాయి. మీగడ పెరుగును చిలికినప్పుడు మీరు చేస్తున్నది ఆ పొరను చింపడం. చిరిగిన తుంపరలు ఒకదానికొకటి అతుక్కుని వెన్న పడుతుంది. పాలలో నీటి మధ్య కొవ్వు తుంపరలు ఉండగా, వెన్నలో కొవ్వు మధ్య నీటి తుంపరలు ఉంటాయి. వెన్నలో సుమారు ఆరో వంతు నీరే. కవ్వం కలపడానికి ఎంత పనికివస్తుందో విడదీయడానికీ అంతే పనికివస్తుందని ప్రతి ఇంటి వంటగదిలో రుజువు అవుతున్నది. పొర బలంగా ఉంటే చిలుకుడు కలుపుతుంది, బలహీనంగా ఉంటే అదే చిలుకుడు విడదీస్తుంది.

ఇక తేనెమైనం. అది ఎమల్సిఫయర్ అన్న అభిప్రాయం చాలామందిలో ఉన్నది, దానికి చరిత్రలో కారణమూ ఉన్నది. క్రీస్తు శకం 2వ శతాబ్దపు వైద్యుడు గాలెన్ పేరు మీద చెప్పే కోల్డ్ క్రీము తేనెమైనం, ఆలివ్ నూనె, గులాబీ నీరు కలిపి చేసినదే. అయితే అది నిలిచే క్రీము కాదు. చర్మం మీద రాయగానే విడిపోయి, అందులోని నీరు ఆవిరై చల్లదనం ఇచ్చేది, ఆ పేరు కూడా అందుకే వచ్చింది. తరువాతి కాలంలో అందులో వెలిగారం (బోరాక్స్ అనే బోరాన్ లవణం) చేర్చారు. మైనంలోని కొవ్వు ఆమ్లాలు వెలిగారంతో కలిసి సబ్బుగా మారతాయి, ఆ సబ్బే ఎమల్సిఫయర్‌గా నిలిచింది. మైనం దానికి ముడిసరుకు మాత్రమే. వెలిగారం వాడమని మాత్రం మీకు చెప్పను; బోరాన్ లవణాలను గర్భస్థ శిశువుకు హాని చేయగల పదార్థాలుగా యూరప్‌లో వర్గీకరించారు, మీరు తయారు చేసేది పదిమంది ఒంటికి రాసుకునే వస్తువు.

ఏ ఎమల్సిఫయర్ ఎంచుకోవాలన్నది తరువాతి ప్రశ్న. 1913లో బాన్‌క్రాఫ్ట్ అనే రసాయన శాస్త్రవేత్త ఒక నియమం చెప్పాడు: ఎమల్సిఫయర్ ఏ ద్రవంలో ఎక్కువగా కరుగుతుందో ఆ ద్రవమే బయట ఉండి, రెండోది తుంపరలుగా లోపల ఉంటుంది. నీటిలో కరిగేదైతే నీటి మధ్య నూనె తుంపరలుండే తేలికైన క్రీము వస్తుంది. నూనెలో కరిగేదైతే వెన్నలాంటి జిడ్డు క్రీము వస్తుంది. 1949లో గ్రిఫిన్ అనే ఆయన దీనికి అంకెలు కట్టాడు. ఆ కొలతను హెచ్.ఎల్.బి. అంటారు, 0 నుంచి 20 వరకు ఉంటుంది; అంకె పెద్దదైన కొద్దీ అణువు నీటి వైపు ఎక్కువగా మొగ్గుతుందని అర్థం. 3 నుంచి 6 మధ్య ఉన్నవి వెన్న తరహా క్రీములకు, సుమారు 8కి పైన ఉన్నవి పాల తరహా క్రీములకు సరిపోతాయి. ఈ అంకెలను కలుపుకోవచ్చు. గ్లిజరిల్ స్టియరేట్ అంకె 3.8, పెగ్-100 స్టియరేట్ అంకె 18.8, రెండింటినీ సగం సగం కలిపితే సుమారు 11 వస్తుంది. ఆ జోడీయే తెల్లటి పలుకులుగా బజారులో దొరుకుతుంది. ఒకే రకం అణువుల కన్నా పొట్టి తలవి, పొడవాటి తలవి కలిసి నిలబడినప్పుడు హద్దు మీద సందులు లేకుండా పొర బాగా అల్లుకుంటుంది కనుక మీవంటి ప్రయత్నానికి ఇలాంటి జోడీనే సూచిస్తాను.

100 గ్రాముల క్రీముకు మొదటి ప్రయత్నంగా ఇలా చేసి చూడండి: వేరుశనగ నూనె 18 గ్రాములు, తేనెమైనం 2 గ్రాములు, పైన చెప్పిన ఎమల్సిఫయర్ 5 గ్రాములు, గ్లిజరిన్ 3 గ్రాములు, తక్కినది డిస్టిల్డ్ వాటర్; క్రీము చెడకుండా కాపాడే ప్రిజర్వేటివ్ కొలత దాని తయారీదారు చెప్పినంత. నూనె, మైనం, ఎమల్సిఫయర్‌లను ఒక గిన్నెలో, నీరు, గ్లిజరిన్‌లను మరో గిన్నెలో విడివిడిగా 70 నుంచి 75 డిగ్రీల వరకు వేడి చేయాలి. ఒకటి వేడిగా, మరొకటి చల్లగా ఉంటే మైనం తగిలిన చోటనే గడ్డకట్టి పలుకులు పడుతుంది. రెండూ కలిపి మిషనుతో రెండు మూడు నిమిషాలు కొట్టాక, గరిటెతో నెమ్మదిగా కలుపుతూ చల్లారనివ్వాలి. క్రీము చిక్కబడేది ఈ చల్లారే సమయంలోనే కనుక ఇక్కడ తొందరపడవద్దు. ప్రిజర్వేటివ్‌ను 40 డిగ్రీలకు దిగిన తరువాత వేయాలి. చుక్క క్రీమును గ్లాసు నీటిలో వేసి కదిపితే పాలలాగా పరుచుకోవాలి. నూనె బొట్టులాగా తేలిందంటే ఎమల్షన్ తిరగబడినట్లు, అంటే నూనె బయటకూ నీరు లోపలికీ మారినట్లు.

నీరున్న ప్రతి క్రీములోనూ సూక్ష్మజీవులు పెరుగుతాయి. కలబంద గుజ్జు వేస్తే ఇంకా త్వరగా పెరుగుతాయి. ప్రిజర్వేటివ్ లేని క్రీమును అమ్మడం పొరుగువారికి కీడు చేయడమేనని గట్టిగా చెప్పదలచుకున్నాను. మొదట కలబంద లేకుండా చేసి, అది మూడు నెలలు నిలిచాక దాని సంగతి ఆలోచించండి. అమ్మకానికి పెట్టే ముందు కాస్మెటిక్స్ రూల్స్ 2020 ప్రకారం తయారీ లైసెన్సు తీసుకోవాలి. వేరుశనగ పడనివారు ఉంటారు కాబట్టి డబ్బా మీద ఆ మాట స్పష్టంగా కనిపించాలి.

ప్రశ్న: చిన్నప్పుడు చేయి కాలితే మా అవ్వ సున్నపు తేటలో కొబ్బరి నూనె పోసి గిలక్కొట్టి, వెన్నలాగా తెల్లబడ్డాక పూసేది. అందులో ఏ ఎమల్సిఫయరూ వేయలేదు కదా, మరి అది ఎలా నిలిచేది?
– కడప నుంచి ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు

జవాబు: ఈ ప్రశ్న పంపినందుకు మీకు ప్రత్యేకంగా కృతజ్ఞతలు. ఎమల్సిఫయర్‌ను మీ అవ్వ బయటి నుంచి వేయలేదు, గిన్నెలోనే తయారు చేసింది. సున్నపు తేట అంటే కాల్షియం హైడ్రాక్సైడ్ కరిగిన నీరు. లీటరు నీటిలో అది 1.7 గ్రాములకు మించి కరగదు గాని ఆ కొద్దిపాటికే తేట చాలా క్షారంగా ఉంటుంది. గానుగ నూనెలో విడిగా ఉండే కొవ్వు ఆమ్లాలు కొన్ని ఎప్పుడూ ఉంటాయి. గిలక్కొట్టినప్పుడు, సరిగ్గా నూనె, నీరు తాకే హద్దు మీదనే ఈ రెండూ కలిసి కాల్షియం సబ్బుగా మారతాయి. పుట్టిన చోటే దాని పని కూడా ఉన్నది. శుభ్రం చేసిన రిఫైన్డ్ నూనెతో ఇదే ప్రయత్నం చేస్తే అంత బాగా రాదు, ఎందుకంటే అందులో విడి ఆమ్లాలను దాదాపు తీసేసి ఉంటారు. బ్రిటన్ మందుల ప్రమాణ గ్రంథమైన బ్రిటిష్ ఫార్మకోపియాలోని నూనె తరహా కాలమిన్ లోషన్‌లో వేరుశనగ నూనె, సున్నపు తేటతో పాటు ఓలియిక్ ఆమ్లం అనే కొవ్వు ఆమ్లాన్ని వేరుగా చేర్చడంలో ఉన్న ఆంతర్యం ఇదే. మన వైపు శెనక్కాయ నూనె అని పిలుచుకునే నూనె అరాకిస్ ఆయిల్ అన్న పేరుతో మందుల గ్రంథాలలోకి అలా చేరింది.

అది పాలలాగా కాక వెన్నలాగా ఎందుకు వచ్చేదన్నది ఇందులో నాకు మరింత ఇష్టమైన సంగతి. మామూలు సబ్బులోని సోడియం ఒక్క కొవ్వు ఆమ్లాన్ని మాత్రమే పట్టుకుంటుంది. తల ఒకటి, తోక ఒకటి. కాల్షియం ఒకేసారి రెండింటిని పట్టుకుంటుంది. తల ఒకటి, తోకలు రెండు. తోకల వైపు వెడల్పు ఎక్కువైన అణువులు పక్కపక్కన నిలబడితే హద్దు నీటి చుట్టూ వంగుతుంది, నీరు తుంపరలై నూనె మధ్యలో చిక్కుకుంటుంది. కాబట్టి ఒకే నూనె, ఒకే కొవ్వు ఆమ్లం అయినా సోడియం పట్టుకుంటే పాలు, కాల్షియం పట్టుకుంటే వెన్న.

అనంతపురం సోదరి బోరు నీళ్ల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. మన ప్రాంతపు బోరు నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువ. స్నానం తరువాత బకెట్టు అంచున పేరుకునే తెల్లటి జిడ్డు కూడా కాల్షియం సబ్బే. స్టియరిక్ ఆమ్లాన్ని క్షారంతో కొంత సబ్బుగా మార్చి చేసే వానిషింగ్ క్రీములో ఈ నీళ్లు పోస్తే, ఒక తోక సబ్బు కాస్తా రెండు తోకల సబ్బుగా మారిపోయి క్రీము విరుగుతుంది. నేను రసాయన శాస్త్రం బోధించిన రోజుల్లో ప్రయోగశాల కుళాయి నీటితో విద్యార్థులు చేసిన వానిషింగ్ క్రీము గింజలు కట్టినట్లు విరిగేది, పక్క బల్ల మీద డిస్టిల్డ్ వాటర్‌తో చేసినది నున్నగా నిలిచేది. ఆ రెండు గిన్నెలను పక్కపక్కన చూపిన రోజున కఠినజలం గురించిన పాఠాన్ని మళ్లీ చెప్పవలసిన అవసరం రాలేదు. ఆవేశం లేని ఎమల్సిఫయర్లు ఈ విషయంలో చాలా ఓర్పు గలవే గాని, క్రీముకు డిస్టిల్డ్ వాటర్ వాడటమే మంచిది.

కాలిన చర్మానికి మాత్రం ఈ రోజున ఆ పూత వేయవద్దు. కాలిన వెంటనే 20 నిమిషాల పాటు చల్లటి కుళాయి నీటి కింద ఉంచి, శుభ్రమైన గుడ్డ కప్పి వైద్యుని దగ్గరకు వెళ్లాలి. నూనె పూత వేడిని లోపలే పట్టి ఉంచుతుంది, క్షారం దెబ్బతిన్న చర్మాన్ని ఇంకా బాధిస్తుంది. మీ అవ్వ చేతి రసాయన జ్ఞానాన్ని గౌరవిస్తూనే ఈ మాట చెబుతున్నాను.

ప్రశ్న: మా నాలుగేళ్ల బాబుకు ఎగ్జిమా ఉన్నది. చర్మం ఆరకుండా రోజుకు మూడుసార్లు క్రీము రాయమన్నారు. కొన్ని క్రీములు రాస్తే మంటగా ఉన్నదని ఏడుస్తున్నాడు. క్రీములోని ఎమల్సిఫయర్లే చర్మాన్ని పాడు చేస్తాయని ఎవరో చెప్పారు. నిజమేనా?
– ఒక తల్లి, కర్నూలు

జవాబు: అన్నీ కాదు, కొన్ని. ఆ తేడా మీకు తెలియాలి.

చర్మపు పైపొర మందం 10 నుంచి 20 మైక్రాన్లు మాత్రమే. అందులో చనిపోయిన కణాలు ఇటుకల్లాగా పేర్చి ఉంటాయి, వాటి మధ్య సెరమైడులు, కొలెస్ట్రాల్, కొవ్వు ఆమ్లాలు కలిసిన గారలాంటి కొవ్వు ఉంటుంది. ఒంట్లోని నీరు బయటకు పోకుండా ఆపేది ఆ గారే. ఎగ్జిమా ఉన్న పిల్లలలో అది ముందే పలచబడి ఉంటుంది. క్రీము రాసిన కొద్దిసేపటికి అందులోని నీరు ఆవిరైపోతుంది. నూనె, ఎమల్సిఫయర్ మాత్రం చర్మం మీదనే ఉండిపోతాయి. నూనెకూ నీటికీ మధ్య నిలబడగల అణువుకు చర్మపు కొవ్వు కూడా నూనె లాంటిదే కదా. చిన్నదిగా, ఆవేశంతో ఉన్న అణువైతే ఆ గారలోకి చొరబడుతుంది, కెరటిన్ ప్రోటీన్‌కు అతుక్కుని దానిని ఉబ్బిస్తుంది. సోడియం లారిల్ సల్ఫేట్ అలాంటిది. పెద్ద తలలు గల ఆవేశం లేని అణువులు అంత సులువుగా లోపలికి పోలేవు.

దీనికి బ్రిటన్‌లో అక్వియస్ క్రీము అనుభవం మంచి ఉదాహరణ. దశాబ్దాల పాటు అక్కడి వైద్యులు పొడి చర్మానికి దానినే రాసిచ్చారు. అందులో 30 శాతం ఎమల్సిఫైయింగ్ ఆయింట్‌మెంట్. ఆ ఆయింట్‌మెంట్‌లో 30 శాతం ఎమల్సిఫైయింగ్ వ్యాక్స్. ఆ వ్యాక్స్‌లో పదో వంతు సోడియం లారిల్ సల్ఫేట్. లెక్క కడితే క్రీములో 0.9 శాతం. కడిగేసుకునే షాంపూలో అంతకు ఎన్నో రెట్లు ఉన్నా పెద్ద ఇబ్బంది లేదు, కాని రోజంతా చర్మం మీద ఉండే క్రీములో ఆ కొంచెమే చాలా ఎక్కువ. దానిని రాసుకున్న చర్మపు పైపొర పలచబడుతున్నదని 2010లో బాత్ విశ్వవిద్యాలయం పరిశోధకులు చూపారు. 2013లో బ్రిటన్ మందుల నియంత్రణ సంస్థ, ముఖ్యంగా ఎగ్జిమా ఉన్న పిల్లలలో అది మంట కలిగించవచ్చని హెచ్చరించింది. సబ్బుకు బదులుగా రాసి వెంటనే కడిగేసుకోవడం వేరు, రాసి వదిలేయడం వేరు.

కాబట్టి డబ్బా మీది పదార్థాల పట్టీ చూడండి. మన దేశంలోనూ 1 శాతానికి మించిన పదార్థాలను ఎక్కువ నుంచి తక్కువకు వరుసగా రాయాలన్నది నియమం. 1 శాతానికి లోపు ఉన్నవి ఆ తరువాత ఏ వరుసలోనైనా ఉండవచ్చు. అందువల్ల పట్టీ చివరిదాకా చదవాలి, సోడియం లారిల్ సల్ఫేట్ చివరన కనిపించినా ఒంటి మీద వదిలేసే క్రీముగా బాబుకు వద్దు. గ్లిజరిల్ స్టియరేట్, పాలీగ్లిజరిల్ అని మొదలయ్యేవి, లెసిథిన్, సెటియరెత్-20 వంటివి సాధారణంగా మృదువైనవే. నీరు అసలే లేని ఆయింట్‌మెంట్‌కు ఎమల్సిఫయర్ అవసరమే ఉండదు. పగిలి మండుతున్న రోజులలో తెల్లటి పెట్రోలియం జెల్లీ నిశ్చింతగా వాడవచ్చు. మంట ఎమల్సిఫయర్ వల్లనే కాక సువాసన వల్ల, ప్రిజర్వేటివ్ వల్ల, యూరియా వల్ల కూడా రావచ్చు. మండిన క్రీముల డబ్బాలు పారేయకుండా తీసుకువెళ్లి చర్మవైద్యునికి చూపండి. మీరు మాటలతో చెప్పలేనిది ఆ పట్టీలు చెబుతాయి.

ప్రశ్న: ఫేస్ క్రీము డబ్బా మీద సెటియరిల్ ఆల్కహాల్ అని ఉన్నది. ఆల్కహాల్ చర్మాన్ని ఎండబెడుతుంది కదా, ఎందుకు వేస్తారు? పెగ్-100, పాలీసార్బేట్ 20 వంటి పేర్లలోని అంకెలకు అర్థమేమిటి?
– డిగ్రీ విద్యార్థిని, గుంతకల్లు

జవాబు: పేరు వల్ల కలిగిన భయం. స్పిరిట్‌లోని ఇథైల్ ఆల్కహాల్‌కు రెండు కార్బన్లు. ఇది 16, 18 కార్బన్ల పొడవున్న, మైనంలాంటి తెల్లటి ఘన పదార్థం. ఆవిరి కాదు, ఎండబెట్టదు. ఒంటరిగా ఎమల్షన్‌ను నిలపలేదు గాని అసలు ఎమల్సిఫయర్ అణువుల మధ్య సందుల్లో దూరి పొరను బిగిస్తుంది, మిగిలినది నీటిలో పొరలు పొరలుగా పరుచుకుని క్రీముకు చిక్కదనం ఇస్తుంది. ఆ పొరల మధ్య చిక్కుకున్న నీరు నెమ్మదిగా ఆవిరవుతుంది కనుక చర్మం ఎక్కువసేపు తడిగా ఉంటుంది. అంకెలున్న పేర్ల గురించి కూడా అడిగారు. పెగ్-100 స్టియరేట్‌లో, సెటియరెత్-20లో ఆ అంకె, తల భాగంలో సగటున ఎన్ని ఇథిలీన్ ఆక్సైడ్ ముక్కలు గొలుసుకట్టాయో చెబుతుంది. పాలీసార్బేట్ 20, 60, 80ల విషయంలో మాత్రం అలా కాదు; వాటన్నిటిలోనూ ఆ ముక్కలు 20 చొప్పునే ఉంటాయి, అంకె మారేది తోక లారిక్, స్టియరిక్, ఓలియిక్ ఆమ్లాలలో దేనిదో చెప్పడానికి. ఇది పరీక్షలలో చాలామంది పొరబడే చోటు.

ప్రశ్న: ఫ్యాక్టరీ రసాయనాలకు బదులు కుంకుడుకాయల రసమే క్రీములో ఎమల్సిఫయర్‌గా వేయవచ్చా?
– ఆదోని పాఠకుడు

జవాబు: కుంకుడు రసం నిజమైన ఎమల్సిఫయరే. అందులోని సాపోనిన్ అణువుకు నూనెను ఇష్టపడే పెద్ద వలయాల భాగం, దానికి తగిలించిన చక్కెర గొలుసులు ఉంటాయి; చక్కెర నీటిని పట్టుకుంటుంది. పండుగ నాడు నూనె అంటుకుని తలంటు పోసుకున్నప్పుడు జుట్టులోని నూనె తెల్లగా నురగతో కొట్టుకుపోవడం అంటే, అప్పటికప్పుడు తల మీద ఎమల్షన్ తయారై కారిపోవడమే. బోరు నీళ్లలో సబ్బులాగా తెట్టు కట్టదు కూడా.

అయినా క్రీముకు వద్దని చెబుతాను. ప్రతి కాయలో సాపోనిన్ ఒకే మోతాదులో ఉండదు కనుక కొలత కుదరదు. రసం ఒకటి రెండు రోజులకే పులుస్తుంది. కంట్లో పడితే ఎంత మండుతుందో మనకందరికీ చిన్ననాటి అనుభవమే. పైన కర్నూలు తల్లికి చెప్పిన తేడాయే ఇక్కడా వర్తిస్తుంది. కడిగేసుకునే పనికి కుంకుడు మంచిది, ఒంటి మీద వదిలేసే పనికి కాదు. మొక్కల నుంచే కావాలనుకుంటే సోయా, పొద్దుతిరుగుడు గింజల నుంచి తీసే లెసిథిన్ ఉన్నది. 1840లలో ఫ్రెంచి శాస్త్రవేత్త గొబ్లీ దానిని మొదట కోడిగుడ్డు పచ్చసొన నుంచి వేరు చేశాడు. మన కణాల పొరలు కూడా ఆ జాతి కొవ్వులతోనే కట్టినవి, అందువల్ల చర్మానికి బాగా ఒప్పుతుంది. ఒక్కదానితోనే చేసిన క్రీము అంత గట్టిగా నిలవదు కాబట్టి తయారీదారులు సాధారణంగా మరొక దానితో జోడిస్తారు.

ప్రశ్న: ఏప్రిల్‌లో బండి డిక్కీలో మరచిపోయిన సన్‌స్క్రీన్ తీసి చూస్తే నీళ్లు వేరుగా, ముద్ద వేరుగా వస్తున్నది. బాగా ఊపి వాడుకోవచ్చా? పొలం పనికి వెళ్లేవాళ్లం, చెమటకు ఎలాగూ నిలవడం లేదు.
– ప్రొద్దుటూరు దగ్గరి రైతు

జవాబు: వాడవద్దు. లోషన్ పైన కొంచెం చిక్కగా, కింద కొంచెం పలుచగా కనిపించడం మీగడ కట్టడం లాంటిది; తుంపరలు పైకి తేలాయే గాని ఒకటి కాలేదు, ఊపితే మళ్లీ కలుస్తాయి. తుంపర వ్యాసం సగమైతే తేలే వేగం నాలుగో వంతుకు తగ్గుతుంది కాబట్టి మంచి తయారీలో ఇది కూడా చాలా నెమ్మదిగా జరుగుతుంది. మీకు జరిగినది అది కాదు. నీరు విడిగా కారుతున్నదంటే తుంపరలు ఒకటైపోయాయి, పాలు విరిగినట్లు విరిగింది. విరిగిన పాలను ఎంత ఊపినా పాలు కానట్లే ఇది కూడా మళ్లీ క్రీము కాదు. వేడికి క్రీము పలుచబడి తుంపరలు ఎక్కువగా ఢీకొంటాయి. పైగా పెగ్ జాతి ఎమల్సిఫయర్ తలలు వేడెక్కే కొద్దీ నీటి మీద పట్టు కోల్పోయి నూనె వైపు మొగ్గుతాయి. తయారీదారులు సాధారణంగా 40, 45 డిగ్రీల దగ్గర కొన్ని నెలలు ఉంచి పరీక్షిస్తారు. బయటే 42 ఉన్న రోజున ఎండలో ఆపిన బండి డిక్కీలో వేడి ఆ హద్దును దాటిపోతుంది.

మామూలు క్రీము విరిగితే జిడ్డుగా ఉంటుంది, ప్రిజర్వేటివ్ నూనెలోకి చేరి నీరు రక్షణ లేకుండా మిగలవచ్చు. సన్‌స్క్రీన్ విరిగితే దానికి తోడు ఎండను ఆపే పదార్థం ఒకచోట ముద్దగా, మరొకచోట ఏమీ లేకుండా పడుతుంది. ఎండ నుంచి ఎంత రక్షణ ఉంటుందో చెప్పే, డబ్బా మీది ఎస్.పి.ఎఫ్. అంకె ఇక దానికి వర్తించదు.

చెమటకు నిలవకపోవడానికి కారణం కూడా ఎమల్సిఫయరే. పాల తరహా సన్‌స్క్రీన్ ఆరిన తరువాత దాని ఎమల్సిఫయర్ చర్మం మీద మిగిలి ఉంటుంది, చెమట నీరు తగలగానే మళ్లీ పని మొదలుపెట్టి నూనెను తుంపరలుగా విడగొట్టి కిందికి జార్చేస్తుంది. వాటర్ రెసిస్టెంట్ అని రాసినవి చాలావరకు వెన్న తరహావి, లేదా ఆరాక పట్టుగా పొర కట్టే పాలిమర్లు చేర్చినవి. కొంచెం జిడ్డుగా ఉంటాయి గాని పొలానికి అవే తగినవి. వాటినైనా రెండు గంటలకు ఒకసారి మళ్లీ రాయాలి, తలపాగా, పొడుగు చేతుల చొక్కా మానకూడదు.

కొత్త డబ్బాను ఇంట్లో ఎండ తగలని గూటిలో, నీళ్ల కుండ ఉండే వైపు పెట్టుకోండి. వేడికి విరుగుతున్నదని ఫ్రిజ్ పైఅరలో, మంచు కట్టే చోట మాత్రం పెట్టవద్దు. నీరు గడ్డకట్టినప్పుడు మంచు పలుకులు తుంపరలను ఒకదాని మీదికి ఒకటి నొక్కి, వాటి చుట్టూ ఉన్న పొరను చింపుతాయి. బయటకు తీసి కరిగాక డిక్కీలో జరిగినదే అక్కడా జరిగి ఉంటుంది.